పాత పెట్టెలోంచి కొత్త పెట్టెలోకి

ఇల్లు మారేటప్పుడు సామాను బండికెక్కించడం పెద్ద పనేం కాదు. దించిన తరువాతే అసలు కథ మొదలవుతుంది. ఉప్పు డబ్బా ఏ గూట్లో పెట్టామో గుర్తుండదు. చీకట్లో చెయ్యి పాతింట్లో స్విచ్చి ఉండే చోటుకే పోతుంది. సామాను వచ్చింది గాని, అలవాటు ఇంకా రాలేదన్నమాట. కంప్యూటరు మార్చడం కూడా అచ్చం ఇలాంటిదేనని నాకు గత వేసవి సెలవుల్లో తెలిసివచ్చింది.

మాది గోదావరి డెల్టాలో వరి పండించే కుటుంబం. రెండెకరాలు సొంతం, మూడెకరాలు మక్తా. అలాంటి ఇంట్లో కంప్యూటరు ఉందంటే అది మా అక్క చలవే. టౌన్లో ఒక డి.టి.పి. సెంటర్లో పనిచేసే రోజుల్లో, అక్కడివాళ్ళు తీసేస్తున్న పాత కంప్యూటరును కొని తెచ్చింది. 2013 నుంచి సార్వా, దాళ్వా లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఎన్ని బస్తాలు అయ్యాయి, మక్తాకు ఎన్ని కొలిచాం, ఎరువుల కొట్లో బాకీ ఎంత, అన్నీ. వాటి పక్కనే ఇంకొక ఫోల్డరు కూడా ఉంది. అందులో మా మామ్మ చెప్పిన ఊడ్పు పాటలు, నలభై ఒకటి. సాయంత్రం అరుగు మీద కూర్చుని మామ్మ చెబుతూంటే అక్క రాసుకుని, తరువాత టైపు చేసేది. మామ్మ 2021లో పోయింది. రాసుకున్న పుస్తకాన్ని చెదలు తినేశాయి. ఇక ఆ పాటలకు మిగిలిన చోటు ఆ పెట్టె ఒక్కటే. ఆ పెట్టేమో అరగంట నడిస్తే దానంతటదే ఆగిపోతోంది.

నా చదువు కోసం కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లోకి అన్నీ మార్చే పని నాకు అప్పగించారు. సైన్సు చదివేవాడు ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం చాకిరీ తప్పదు కదా!

పాతదానిలో ఉన్నది విండోస్ 7. దాని మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది. అందులో ఫైళ్ళనూ సెట్టింగులనూ కలిపి మోసుకెళ్ళే ‘ఈజీ ట్రాన్స్‌ఫర్’ అనే సదుపాయం ఉండేది. 2015లో విండోస్ 10 వచ్చేసరికి దాన్ని తీసేశారు. అందుచేత చేత్తో చేసుకోవలసిందే. ఇక్కడ మనవాళ్ళకు తెలియవలసిన సంగతి ఒకటుంది. కంప్యూటరులో ఉండేవి ముఖ్యంగా మూడు రకాలు. ఫైళ్ళు కాపీ చేస్తే వస్తాయి. సెట్టింగులు చాలావరకు ‘యాప్‌డేటా’ అనే దాచిన ఫోల్డరులో ఉంటాయి, వెతికి తెచ్చుకోవాలి. ప్రోగ్రాములు మాత్రం చాలావరకు కాపీ చేసినా పనిచేయవు. అవి తమ వివరాలను రిజిస్ట్రీలో రాసుకుని ఉంటాయి గనుక కొత్తగా మళ్ళీ ఎక్కించాల్సిందే.

అరగంటకొకసారి పెట్టెను చల్లారనిచ్చి, రెండు రోజులు కూర్చుని ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులోకి తీశాను. రెండు చోట్లా లెక్క చూశాను. ముఖ్యమైనవాటికి హ్యాష్ కూడా కట్టి పోల్చాను. ఫైలులో ఒక్క బిట్టు తేడా వచ్చినా ఆ సంఖ్య మారిపోతుంది. ఎక్కడా మారలేదు. అంతా క్షేమం అనుకుని, ఇంటిల్లిపాదినీ పిలిచి మామ్మ పాటలు తెరిచాను.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలూ, డాలరు గుర్తులూ, కొక్కేలూ! ఒక్క బిట్టు పోలేదు, ఒక్క అక్షరం చదవడానికి లేదు. అమ్మ మొహం వాడిపోయింది. నాన్న మాత్రం తెరకేసి కాసేపు చూసి, “ఊడ్చిన మడి మొదటి నాలుగు రోజులూ పాలిపోయే ఉంటుందిరా. వేరు పట్టనీ,” అన్నాడు.

కారణం అక్క చెప్పింది. అప్పట్లో డి.టి.పి. పనికి వాడిన ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ముక్కల బొమ్మలు పెట్టుకునేవి. ఫైలులో నిజానికి ఉన్నది ఇంగ్లీషు సంకేతాలే. వాటిని తెలుగుగా చూపించేది ఫాంటు. ఆ ఫాంటు పాత పెట్టెలోనే ఉండిపోయింది! యూనికోడ్ అలా కాదు. 1991లో వచ్చిన మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ‘అ’ అంటే 3077, ‘క’ అంటే 3093. ఫాంటు ఏదైనా సరే, కంప్యూటరు ఏ దేశానిదైనా సరే, ఆ అంకె ఆ అక్షరానిదే.

పాత పెట్టె నుంచి ఫాంటు తెచ్చి ఎక్కించగానే పాటలు కనిపించాయి. కాని అది తాత్కాలికమే. రేపు ఇంకొక కంప్యూటరు మారితే మళ్ళీ ఇదే తంతు. అందుకని కన్వర్టరుతో అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చాం. అది వత్తుల దగ్గర తడబడింది. కొన్నిచోట్ల అక్షరాలు తారుమారయ్యాయి. అక్కా నేనూ వరసగా పది రాత్రులు కూర్చుని పాత ప్రతితో సరిచూస్తూ దిద్దాం. ఒక పాటలో ఒక మాట మాత్రం అక్క టైపు చేసినప్పుడే సగం పడింది. అదేమిటో ఆమెకే గుర్తు లేదు. మామ్మతో ఒకే ముఠాలో ఊడ్పులకు వెళ్ళిన అత్త ఒకామె మా వీధిలోనే ఉంది. ఆమెను అడిగాం. విడిగా అడిగితే ఆమెకూ తట్టలేదు. మొదటి చరణం నుంచి పాడుకుంటూ వస్తే, ఆ మాట దానంతటదే నోటికొచ్చింది.

అప్పుడు నాకు తోచింది, ఏ సంగతీ తనంతట తాను బతకదు. ఫైలుకు ఫాంటు కావాలి, పాటకు తెలిసిన గొంతు కావాలి. మోసుకెళ్ళేటప్పుడు మనం వస్తువునే చూస్తాం. దాన్ని చదవనిచ్చేది మాత్రం చాలాసార్లు వెనకాలే ఉండిపోతుంది. ఆ గొంతులు కూడా ఎల్లకాలం మన వీధిలో ఉండవు.

మిత్రులారా! మనలో చాలామంది ఈ ఏడాదితో కాలేజీ వదిలి వెళ్తున్నాం. ఫోటోలూ నోట్సులూ ఎలాగూ పట్టుకెళ్తాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళ లెక్కలూ, కథలూ, పాటలూ ఏ పాత పెట్టెలోనైనా ఉంటే, అది ఇంకా వెలుగుతూండగానే తెరిచి చూడండి. అందరూ చదవగలిగే రూపంలోకి మార్చి, రెండు చోట్ల దాచండి. అర్థం కాని మాట తగిలితే, చెప్పగలిగినవాళ్ళు ఉండగానే వెళ్ళి అడగండి.