ఊట ఎండిందా, పైపు ఆగిందా?



మన ఏజెన్సీ గూడేల్లో గ్రావిటీ నీటి పథకం తెలియనివాళ్లు తక్కువ. కొండమీద ఊట, కింద కుళాయిలు, మధ్యలో పైపు. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. మా గూడెంలో చివరి కుళాయి ఆగిపోతే వచ్చి చూసినవాళ్లు "ఊట ఎండింది" అని రాసుకుని పోయారు. మేం పైకెక్కి చూస్తే ఊట పారుతూనే ఉంది. మా అక్కలు మాత్రం మళ్లీ బిందెలెత్తారు.

ఇంజనీరింగ్ చదివే మేం నలుగురం లెక్కేశాం. 10 మీటర్ల ఎత్తు తేడాకి చదరపు సెంటీమీటరుకి దాదాపు 1 కిలో ప్రెషర్ వస్తుంది. పైపు పొడవునా రాపిడి దాన్ని తినేస్తుంది. అన్నే నీళ్లు సగం వ్యాసం పైపులో పంపితే నష్టం సుమారు 32 రెట్లు! సన్న పైపు వేసి మిగిల్చిన డబ్బు అలా పోతుంది.

ఇదంతా ఒట్టి నీళ్ల లెక్క. మన పైపులో గాలీ ఇసుకా కూడా ఉంటాయి. గాలి మెట్ట మీద చేరి దారి బిగిస్తుంది. నీటి వేగం తగ్గితే ఇసుక పల్లంలో పడిపోతుంది. గాలి, నీళ్లు కలిసి పారితే ఎంత ప్రెషర్ పోతుందో అంచనా వేసే పద్ధతిని లాక్‌హార్ట్, మార్టినెల్లి 1949లోనే ఇచ్చారు. ఇసుక కూడా కలిస్తే ప్రయోగాల మీద ఆధారపడాల్సిందే.

మెట్ట మీద ఎయిర్ వాల్వు, పల్లంలో ఇసుక కడిగే వాల్వు, ఊట దగ్గర ఇసుక దిగే తొట్టి కావాలి. అర్జీలో ఇవే అడిగాం.

సెలవుల్లో మీరూ పైపు వెంట నడిచి ఎత్తుపల్లాలు రాసుకోండి. ఫోన్ చూపే ఎత్తుని నమ్మొద్దు, మేస్త్రీల నీటి ట్యూబే నయం.