సరిహద్దులు దాటే దారి

ఐరోపాలో సకుటుంబంగా కారు ప్రయాణం తలపెట్టినవారు ముందుగా పటం విప్పుతారు. లక్సెంబర్గ్‌లోని షెంగెన్ గ్రామం పేరిట 1985లో కుదిరిన ఒప్పందం మూలంగా అనేక దేశాల సరిహద్దుల్లో నిత్య తనిఖీలు తొలగిపోయాయి. అయితే సరిహద్దు కనిపించకపోయినా నియమం మారుతుంది. జర్మనీ రహదారులపై కార్లకు సుంకం లేదు. ఫ్రాన్సులో చాలా చోట్ల దూరాన్నిబట్టి చెల్లించాలి. స్విట్జర్లాండ్‌లో ఏడాదికి 40 ఫ్రాంకుల అనుమతి చీటీ కొనాలి. ఒక్కపూట ప్రయాణానికైనా అంతే సుమా!

పారిస్ నుండి వెనిస్‌కు దాదాపు 1,100 కిలోమీటర్లు. పొద్దున బయలుదేరితే రాత్రికి చేరవచ్చునని పటం ఆశ పెడుతుంది. పటానికి ఆకలిదప్పులుండవు, వెనుక సీటులో పసివాడు ఏడవడు, చక్రం పట్టినవానికి కునుకు రాదు. ఆ కునుకే ప్రాణాంతకం. కనుక ఆ దూరాన్ని మూడు నాలుగు రోజులకు పంచుకోవడమే వివేకం.

దారిలో ఆల్ప్స్ పర్వతాలు అడ్డు నిలుస్తాయి. గోతార్డ్ వద్ద 1980లో తెరచిన సొరంగం దాదాపు 17 కిలోమీటర్లు. అందులో కాలం కలిసివస్తుంది గాని కొండ కనిపించదు. పైనున్న కనుమ దారి 2,106 మీటర్ల ఎత్తుకు మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. శీతకాలంలో మంచు దానిని మూసివేస్తుంది. పిల్లలకు ఆ కొండను చూపదలచిన తల్లిదండ్రులు వేసవి సెలవులకే తేదీలు నిర్ణయించుకుంటారు.