పత్తి గదిలో బల్ల

మా ఇంట్లో రాసుకోవడానికి అన్నిటికన్నా మంచి చోటు ఏడాదికి రెండు మూడు నెలలే దొరుకుతుంది. అది పత్తి గది. పెదనందిపాడు వైపు మా నల్లరేగడి ఊళ్లో పాత ఇళ్లకు వీధివైపున పెద్ద గది ఒకటి ఉంటుంది. తీసిన పత్తిని మంచి ధర వచ్చేదాకా అందులోనే పోస్తారు. మిగతా రోజుల్లో అక్కడ ఎరువు బస్తాలు, పట్టాలు, పాత మంచాలు ఉంటాయి.

పెళ్లై వచ్చిన కొత్తలో వంటింటి పక్క వసారాలో రాసుకునేదాన్ని. ఇంటికి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ వసారాలోంచే నడిచేవారు. ప్రతి ఒక్కరికీ ఒక మాట చెప్పాలి, కొందరికి మంచినీళ్లివ్వాలి. తిరిగి కూర్చునేసరికి వాక్యం చెదిరిపోయేది. ఆ తరవాత మేడ మీద రేకుల గదికి మారాను. పడమటి గాలి మొదలయ్యాక అక్కడ పగలు నిలబడలేం. చెమట చేతి కింద కాగితం తడిసి సిరా అలుక్కుపోయేది. సాయంత్రం పైరగాలి తిరిగాక కాస్త ప్రాణం లేచివచ్చేది గానీ, అది వంట వేళ.

ఒక సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు. ఒక వారపత్రికకు పంపాల్సిన కథ సగంలో ఉంది. తలుపు తోసుకుని పత్తి గదిలోకి వెళ్లాను. తూర్పు కిటికీ దగ్గర మూడు నాలుగు అడుగుల ఖాళీ ఉంది, మిగతాదంతా దూలాలదాకా పత్తే. కాసేపటికి గాని తెలియలేదు, వంటింట్లో తిరుగుతున్న గ్రైండరు నాకు వినపడటం లేదని. పిల్లల అరుపులు ఎక్కడో చెరువు అవతలినుంచి వస్తున్నట్టున్నాయి. ఆ గదిలో గట్టిగా మాట్లాడినా మాట గోడకు తగిలి తిరిగి రాదు, పత్తి తాగేస్తుంది. పోగుకూ పోగుకూ మధ్య గాలి ఉంటుంది కదా, చప్పుడు అందులో చిక్కుకుని అరిగిపోతుంది. రికార్డింగు థియేటర్ల గోడలకు మెత్తలు బిగించేదీ ఇందుకే. మాకు ఆ మెత్తల్ని మా చేను ఇస్తుంది.

అప్పటినుంచి ఏటా పత్తి పోసేటప్పుడు ఆ కిటికీ దగ్గర నాకోసం చోటు వదులుతున్నారు. మా మామగారి నాన్నగారి రాతపెట్టె అటక మీంచి దించుకున్నాను. మూత వాలుగా ఉంటుంది, కింద కూర్చుని రాస్తే మెడ వంగదు. వెలుగు ఎడమచేతి వైపునుంచి పడేలా పెట్టుకున్నాను, చేతి నీడ అక్షరాల మీద పడకుండా. పత్తికీ నాకూ మధ్య పాత బొంత ఒకటి వేలాడదీశాం. పుష్యమాసపు పొద్దున వీపుకు ఆ వెచ్చదనం, గింజల్లోని నూనె వాసన. అంత సుఖమైన ఆసనం నేను మరెక్కడా ఎరగను.

అత్తయ్య పెట్టిన షరతు ఒక్కటే. "అమ్మాయ్, అగ్గిపుల్ల గడప దాటి లోపలికి రాకూడదు." దోమల చక్రం లేదు, అగరొత్తి లేదు. బ్యాటరీ దీపం ఒక్కటే. ఫోను మాత్రం నేనే అత్తయ్యకు అప్పజెప్పి వస్తాను. మా వాళ్లకు ఫోను కాలక్షేపం కాదు. గుంటూరు మిరప యార్డుకు ఎన్ని టిక్కీల కాయ వచ్చింది, తేజ రకం ఎంత పలికింది, 334 రకం ఎంత పలికింది అన్నది మా ఏడాది బతుకు. అయినా ఆ రెండు గంటలూ నేను చూసినంతమాత్రాన ధర పెరగదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నాకు దొరికిన నిశ్శబ్దం మా వాళ్ల ఎదురుచూపు. పత్తి ఇంట్లో ఉందంటే అమ్ముడుపోలేదని, పెట్టుబడి అప్పు మీద వడ్డీ నడుస్తోందని అర్థం. బేరగాడు వచ్చి గుప్పెడు తీసి, వేళ్లతో పింజ లాగి చూసి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయిన రోజున నా పేజీలు సాఫీగా సాగితే మనసు చివుక్కుమంటుంది. ధర కుదిరి, కాటా వేసి, లారీ కదిలాక గది ఖాళీ. చిన్న దగ్గు కూడా నాలుగు గోడలకూ తగిలి మోగుతుంది. ఆ మోత వింటే సంతోషమే. ఆ వారం నేను ఒక్క పేజీ కూడా రాయలేను.

ఆ కిటికీ దగ్గర కూర్చున్నప్పుడల్లా ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుర్తొస్తారు. ఆయనది సత్తెనపల్లి వైపు వేములూరుపాడు. డబ్లిన్‌లో బారిస్టరు చదివారు. పలనాడులో పుల్లరి పన్నుకు వ్యతిరేకంగా సత్యాగ్రహం నడుస్తున్న రోజుల్లో అరెస్టయి రాయవేలూరు జైలుకు వెళ్లారు. 'మాలపల్లి' నవల అక్కడే రాశారు. 1922లో అచ్చయింది. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. జైల్లో ఎవరూ వచ్చి పలకరించరు, పనులు పిలవవు. రాసేవాళ్లం కోరుకునే ఏకాంతమంతా సర్కారే ఆయన మీద రుద్దింది. ఆ ఏకాంతంలోకి ఆయన తెచ్చుకున్నది మాత్రం ఊరి సందడి. నవలలోని వెంకటదాసు, సంగదాసు, రామదాసు, గుంటూరు సీమ పల్లెల నుడికారం, కూలి కోసం పడే పాట్లు, భజనలు. అంత దూరాన, అన్ని గోడల మధ్య, ఆ గొంతులు అంత స్పష్టంగా ఎలా వినపడ్డాయి? జైలుకు వెళ్లకముందు ఏళ్లతరబడి చెవి పెట్టి విన్నారు గనక అనుకుంటాను. వినకుండా వెళ్లినవాడికి జైలుగది అయినా పత్తి గది అయినా ఒట్టి గదే.

ఇది నాకు ఆలస్యంగా తట్టింది. పత్తి ఇంకా గదిలో ఉండగానే మిరప కోతలు మొదలవుతాయి. కళ్లంలో ఎండిన కాయ కొంత మా వాకిట్లో పోస్తారు. తాలుకాయలు ఏరడానికి ఆడవాళ్లు నా కిటికీ కిందే కూర్చుంటారు. మొదటి ఏడాది ఘాటుకు పొలమారి, వాళ్ల మాటలకు విసుక్కుని, రెండు తలుపులూ బిగించాను. రేగడి నేల ఎండాకాలం బీటలువారుతుంది, వానకు ఉబ్బుతుంది, ఆ ఊపుకు గోడ కాస్త కుంగి ఆ కిటికీ తలుపు ఇప్పుడు పూర్తిగా మూసుకోదు. వడ్రంగిని పిలుద్దామని మా ఆయన అన్నారు. వద్దన్నాను. మూతికి తడిగుడ్డ కట్టుకుని రాస్తున్నాను. వేలెడు సందులోంచి ఘాటు వస్తుంది, తుమ్ములు వస్తాయి, వాళ్ల మాటలూ వస్తాయి. ఎవరి కూతురికి పురుడొచ్చింది, ఎవరి ఇంటాయన కౌలు కట్టలేక ఊరు విడిచాడు, నిన్న ఏ మేస్త్రీ ఎంత కోత పెట్టాడు.

మొన్న మాఘమాసంలో ఒకామె సందులోంచి లోపలికి చూసి అడిగింది.

"ఏంటమ్మా రాస్తన్నావు? మా మాటలేనా?"

"మీ మాటలే."

"అట్టయితే కూలెంతిస్తన్నారో కూడా రాయి."

రాస్తున్న వాక్యం అక్కడే ఆపి, ముందు అది రాశాను.