యూరో వంద దాటినా యూరప్ చూడొచ్చు

ఏమండీ, ఈసారి వేసవికి యూరప్ అని పిల్లలకు మాటిచ్చి, యూరో రేటు చూసి వెనక్కి తగ్గారా? మీరొక్కరే కాదు, చాలా ఇళ్లలో ఇదే మాట. 2022లో ఎనభై రూపాయల దగ్గర ఆడిన యూరో 2025లో వంద దాటింది. నలుగురున్న ఇంటికి అక్కడ 4,000 యూరోలు ఖర్చవుతుందనుకోండి. అప్పుడు మూడు లక్షల ఇరవై వేలతో తేలేది, ఇప్పుడు నాలుగు లక్షల పైమాటే. అక్కడ ఒక్క ధరా పెరగలేదనుకున్నా మన జేబుకు ఎనభై వేల చిల్లు. స్విస్ ఫ్రాంకూ వంద దాటే ఉంది.

అయినా సరే, రేటు దిగాక వెళ్దాంలే అనుకుంటే మాత్రం నేనొప్పుకోను. 2002లో యూరో నోట్లు కొత్తగా చేతికొచ్చినప్పుడు రేటు నలభై అయిదు రూపాయల లోపే. మధ్యలో కొన్నేళ్లు దిగినా, మొత్తమ్మీద అది ఎటు నడిచిందో చూశారుగా. ఈలోగా పిల్లలు ఇంటర్‌కొస్తారు, ఆ రెండేళ్లూ ఇల్లు కదలనివ్వరు. అమ్మానాన్నల మోకాళ్లు కూడా రేటు దిగేదాకా ఆగవు కదా!

రేటు మన చేతిలో లేదు. ఎన్ని ఊళ్లు తిరగాలన్నది మాత్రం పూర్తిగా మన చేతిలోదే. నన్నడిగితే అసలు పొదుపంతా అక్కడే ఉంది. పది రోజుల్లో ఏడు దేశాలు అనే ప్రకటనలు చూసి మనం మురిసిపోతాం. లెక్కేసి చూడండి: ఊరు మారిన ప్రతిసారీ రైలు టికెట్లు, స్టేషన్ నుంచి హోటల్‌కు టాక్సీ, గది ఇచ్చేదాకా సామాను పెట్టుకోవడానికి లాకరు, తోచక కూర్చున్న చోట నాలుగు కాఫీలు. వీటికి తోడు సగం రోజు పోతుంది. ఆ సగం రోజుకూ మనం గది అద్దె కడుతూనే ఉన్నాం. అదే ఒక ఊళ్లో నాలుగు రాత్రులుంటే వంటగది ఉన్న చిన్న ఫ్లాటు తీసుకోవచ్చు, రోజుల లెక్కన ఇచ్చే బస్సు, మెట్రో పాసు కొనుక్కోవచ్చు. మూడో రోజుకు సందు చివరి బేకరీ ఆవిడ మనల్ని గుర్తుపట్టి నవ్వుతుంది. ప్రయాణమంటే నాకైతే అదీ కావాలి.

ఇక ఏ ఊళ్లు? సినిమా పాటల పుణ్యమా అని యూరప్ అంటే మనకు పారిస్, స్విట్జర్లాండే గుర్తొస్తాయి. ఒక్కసారి పటంలో కొంచెం తూర్పుకు చూడండి. ప్రాగ్ నుంచి వియన్నా రైల్లో నాలుగు గంటలు, అక్కణ్ణుంచి బుడాపెస్ట్ మూడు గంటల లోపే. దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో వెళ్లి ప్రాగ్‌లో దిగి, బుడాపెస్ట్‌లో తిరుగు విమానం ఎక్కేలా ఒకే బుకింగ్ చేయించుకుంటే వెనక్కి వెళ్లే ఖర్చుండదు. ప్రాగ్‌లో చార్లెస్ వంతెన మీద పొద్దున్నే నడవడానికి పైసా అక్కర్లేదు. వియన్నాలో షోన్‌బ్రున్ రాజభవనం లోపలికి టికెట్ ఉంది గానీ తోటలు ఉచితం. అక్కడి స్టేట్ ఒపేరాలో నిలబడి చూసే టికెట్లు ఇరవై యూరోల లోపే దొరుకుతాయి. కూర్చునే మంచి సీటుకు దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. బుడాపెస్ట్‌లో 2వ నంబరు ట్రామ్ ఎక్కితే డాన్యూబ్ ఒడ్డునే, పార్లమెంటు పక్కనుంచే తీసుకెళ్తుంది, మామూలు సిటీ టికెట్టుకే.

ఒక్క మాట. చెక్ కొరూనా, హంగరీ ఫోరింట్ యూరో కాదు గనక చవక అని చాలామంది పొరబడతారు. రూపాయి బలహీనపడ్డప్పుడు ఆ కరెన్సీల ముందూ మనకు పెద్దగా ఊరట ఉండదు. ప్రాగ్, బుడాపెస్ట్‌లలో గది, భోజనం, ట్రామ్ ధరలే పారిస్ కన్నా తక్కువ. మనకు కలిసొచ్చేది అది.

అలాగని ఈఫిల్ టవర్ చూడాలని ఏళ్ల తరబడి కలగన్న అమ్మను బుడాపెస్ట్ తీసుకెళ్లి, చవకలో అయిందని సంతోషించడం అన్యాయం. ఆవిడకు పారిసే కావాలి. పారిస్ ఒక్కటే పెట్టుకోండి, వారం ఉండండి. నోత్రదామ్ చర్చిని 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు, ప్రవేశం ఉచితం. నగరపాలక సంస్థ నడిపే పెతీ పాలే, కార్నవాలే మ్యూజియాల్లో శాశ్వత ప్రదర్శనలు ఏడాది పొడవునా ఉచితమే. లూవ్ర్ మ్యూజియం మాత్రం 2026 జనవరి నుంచి మనలాంటి యూరప్ బయటివాళ్లకు టికెట్ 32 యూరోలు చేసింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు డబ్బులేం లేవు. బొమ్మల మీద మనసున్నవాళ్లు ఆ 32 పెట్టాల్సిందే, అక్కడ పీనాసితనం వద్దు. మోనాలిసా ముందు ఒక ఫోటో కోసమే అయితే మానేయండి. రోమ్ వెళ్లేవాళ్లు నెలలో మొదటి ఆదివారం అక్కడ ఉండేలా చూసుకుంటే కొలోసియం సహా ప్రభుత్వ మ్యూజియాలన్నీ ఉచితం, జనం మాత్రం విరగబడతారు. మాడ్రిడ్‌లో ప్రాడో మ్యూజియం రోజూ చివరి రెండు గంటలూ ఉచితం.

ఇప్పుడు కార్డుల సంగతి. ఎవరూ చూడకుండా డబ్బు కారిపోయేది ఇక్కడే. మామూలు క్రెడిట్ కార్డు విదేశంలో గీకితే బ్యాంకు మూడున్నర శాతం దాకా అదనంగా వేస్తుంది, ఆ అదనం మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. లక్ష రూపాయలకు నాలుగు వేల పైనే. ఈ వడ్డన లేని కార్డులు కొన్ని ఉన్నాయి, లేదా ఫారెక్స్ కార్డు తీసుకుని రెండు మూడు విడతలుగా యూరోలు వేసుకోండి, రేటు ఎగుడుదిగుళ్లు సర్దుకుంటాయి. ఇంతా జాగ్రత్తపడ్డాక కూడా దుకాణంలో మిషన్ ఒక ప్రశ్న అడుగుతుంది: రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా అని. రూపాయల్లో చూడగానే ప్రాణం లేచొస్తుంది, వేలు అటే పోతుంది. వద్దు! రూపాయలు నొక్కితే వాళ్లు పెట్టిందే రేటు, నాలుగైదు శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పోతుంది. ఎప్పుడైనా ఆ దేశపు డబ్బే నొక్కండి, ఏటీఎం దగ్గరా అంతే. ఎయిర్‌పోర్టు కౌంటర్లలో నోట్లు మార్చకండి. ప్రాగ్‌లో మార్చి మోసపోయామనిపిస్తే, 2019 నుంచి అక్కడి చట్టం ప్రకారం 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లో రద్దు చేసుకోవచ్చు, రసీదు పారేయకండి.

తిండి దగ్గర పొట్ట మాడ్చుకోమని నేను చెప్పను. ఒకపూట ఫ్లాటులో అన్నం, ఒకపూట బయట. ఆ బయటి పూట మధ్యాహ్నం పెట్టుకోండి. స్పెయిన్‌లో మెనూ దెల్ దియా అనీ, ఫ్రాన్స్‌లో ఫార్ములా అనీ, ప్రాగ్‌లో రోజువారీ మెనూ అనీ ఆఫీసులవాళ్ల కోసం పెట్టే భోజనం అదే వంటగదిలోంచి రాత్రికన్నా బాగా తక్కువకు వస్తుంది. ఇటలీలో కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. ఫ్రాన్స్ హోటళ్లలో కుళాయి నీళ్లు అడిగితే జగ్గుతో ఉచితంగా ఇవ్వాల్సిందే, మొహమాటపడకండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. పాలు, పెరుగు, కూరలు శనివారమే తెచ్చిపెట్టుకోండి. మన కందిపొడి, పప్పులపొడి, ఆవకాయ పెట్టెలో పెట్టుకెళ్లొచ్చు. నెయ్యి మాత్రం వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. మామిడిపళ్లకూ ప్రత్యేక ధ్రువపత్రం కావాలి, కాబట్టి బంగినపల్లి ఇంట్లోనే తినేసి బయల్దేరండి.

ఇన్సూరెన్స్ దగ్గర పొదుపు కుదరదు. వీసాకు కనీసం 30,000 యూరోల కవరేజీ ఎలాగూ తప్పనిసరి. పెద్దవాళ్లు వెంట ఉంటే ముందే ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో పాలసీ చదివి కొనండి. టూర్ కంపెనీ ప్యాకేజీ మీద ముందుగానే వసూలు చేసే పన్ను, టీసీఎస్, మాత్రం పోయిన డబ్బు కాదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది. రసీదులు ఆడిటర్‌కివ్వడం మరవకండి.

మనకు ఒక అదృష్టం ఉంది. యూరప్‌వాళ్ల బడి సెలవులు ఎక్కువగా జులై, ఆగస్టుల్లో. హోటళ్లు ఆకాశాన్నంటేది అప్పుడే. మన పిల్లలకు సెలవులు ఏప్రిల్ చివర్నుంచి జూన్ రెండో వారం దాకా. మే నెలలో వాతావరణమూ హాయిగా ఉంటుంది, గదులూ అంత మండిపోవు. కాకపోతే మన ఊళ్లన్నీ అదే నెలకు ఎగబడతాయి గనక వీసా అపాయింట్‌మెంట్లే దొరకవు. ఈ దేశాలన్నిటికీ కలిపి ఇచ్చే షెంగెన్ వీసా ఫీజు పెద్దలకు 90 యూరోలు, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. మేలో వెళ్లాలనుకుంటే సంక్రాంతి దాకా ఆగకండి. దీపావళి టపాసులు అయిపోగానే కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టండి.