ఆరె పట్టిన చేయి

సంగారెడ్డి నుండి హైదరాబాదు వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇస్నాపూర్, ముత్తంగి, పటాన్‌చెరు, రామచంద్రాపురం ఒకదాని వెనుక ఒకటి తగులుతాయి. ఉదయం షిఫ్టు మొదలయ్యే వేళ ఆ దారిలో కంపెనీ బస్సులు దిగే కార్మికుల పాదాలను గమనిస్తే చాలామందివి ఒకే రకం బూట్లు. ముందు భాగంలో ఉక్కు తొడుగు, దానిపై మందపాటి తోలు. వెల్డింగు చేసేవారి చేతితొడుగులు తోలువే, ఛాతీకి అడ్డంగా కట్టుకొనే ఏప్రనూ తోలుదే. నిప్పురవ్వ పడితే నూలుబట్ట అంటుకొంటుంది. నైలాను కరిగి ఒంటికి అతుక్కొంటుంది. తోలు మాత్రం కాస్త కమిలి ఊరుకొంటుంది. ఇంతగా తోలును నమ్ముకొన్న చోట దానిని తన చేతితో కోసి, కుట్టి, ఒక చిన్న వస్తువు చేసుకోవాలన్న కోరిక ఏ యువకుడికైనా కలిగితే అందులో ఆశ్చర్యం లేదు. సెలవుదినాన కాలక్షేపంగా మొదలయ్యే ఈ పని అతనిని ఎంత దూరం తీసుకుపోతుందో అతనికి మొదట తెలియదు.

అలాంటి యువకుడు ఒకడు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఫిట్టరుగా ఉన్నాడనుకోవచ్చు. చాలామంది వలెనే అతడూ ముందుగా పనిముట్ల కోసం వెదుకుతాడు. నిజానికి ముందు తెలుసుకోవలసింది తోలును గురించి. జంతువు ఒంటి నుండి తీసిన పచ్చితోలును అలాగే వదిలివేస్తే కుళ్లిపోతుంది. ఎండబెడితే చెక్కవలె బిగుసుకొంటుంది. అందులోని కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు చెడిపోకుండా, వంగే గుణం కోల్పోకుండా చేయడమే తోలును పదును చేయడం. ఇందుకు ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. చెట్ల బెరళ్లలో, కాయలలో ఉండే టానిన్‌తో చేసేది పాత పద్ధతి. క్రోమియం లవణాలతో చేసేది కొత్త పద్ధతి. 1884లో అగస్టస్ షుల్జ్ అమెరికాలో దీనికి పేటెంటు పొందిన తరువాత ఈ పద్ధతి ప్రపంచమంతటా వ్యాపించింది. బెరడు నీటిలో వారాలు, నెలలు పట్టే పని క్రోమియంతో ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. నేడు ప్రపంచంలో తయారయ్యే తోలులో అధికభాగం ఈ రకానిదే.

ఈ తేడా తెలియకనే మొదటి ప్రయత్నాలు ఎన్నో వమ్మవుతాయి. చెప్పులు, సంచులు కుట్టే కార్ఖానాలలో మిగిలిన తునకలు చవకగా దొరుకుతాయి. అవి మెత్తగా, అందంగా ఉంటాయి. వాటిపై పువ్వో, పేరో అచ్చు వేయాలని ఇనుప అచ్చుతో ఎంత కొట్టినా, కాసేపటికి ఆ గుర్తు పైకి లేచి మాయమవుతుంది. తన చేతికి పని రాదని అతడు నిరాశ పడతాడు. తప్పు చేతిది కాదు. క్రోమియం తోలు వేడిని, తడిని తట్టుకొంటుంది, నొక్కితే తిరిగి లేస్తుంది. వెల్డరు చేతితొడుగుకు అది తగినది. అచ్చు నిలవాలంటే బెరడుతో పదును చేసిన తోలు కావాలి. దానిని నీటితో కాస్త తడిపి, పైతడి ఆరనిచ్చి అచ్చు వేస్తే ఆ గుర్తు చిరకాలం ఉంటుంది. ఈ రెండింటినీ గుర్తించడం కష్టమేమీ కాదు. రంగు వేయని తోలుపై నీటిచుక్క వేస్తే బెరడు తోలు దానిని పీల్చుకొని నల్లబడుతుంది. కోసిన అంచు గోధుమరంగులో ఉంటే బెరడు తోలు. లోపల నీలి బూడిదరంగు గీత కనిపిస్తే క్రోమియం తోలు.

బెరడు అనగానే గుర్తుకు రావలసిన చెట్టు ఈ నేల మీదనే ఉంది. బతుకమ్మ పేర్చేవారు ముందుగా వెదికే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవం పొందిన తంగేడు, తోలు పనివారికి పువ్వు కన్నా ముందు బెరడు. దక్షిణ భారతదేశంలో తోళ్లను పదును చేయడానికి ప్రధానంగా వాడిన బెరడు ఇదే. వెనుకటి మద్రాసు రాష్ట్రం నుండి తంగేడు బెరడుతో పదునైన తోళ్లు 19వ శతాబ్దిలో ఓడలకెక్కి ఇంగ్లండుకు పోయేవి. అక్కడి వ్యాపారులు వాటిని ఈస్టిండియా తోళ్లని పిలిచేవారు. తరువాతి కాలంలో వాటిల్ అనే మరొక చెట్టు బెరడు, క్రోమియం వచ్చి తంగేడును పక్కకు నెట్టాయి. సంగారెడ్డి పరిసరాలలోని బీడుభూములలో అది ఇప్పటికీ పసుపుపచ్చగా పూస్తూనే ఉంది. దాని బెరడుకు ఒకనాడు ఉన్న విలువ ఆ పూలు కోసే పిల్లలలో ఎందరికి తెలుసు?

ఆ విలువను సృష్టించినవారు ఊరి చివర ఉన్నారు. చచ్చిన పశువును మోసుకొని పోవడం, తోలు ఒలవడం, సున్నపు నీటిలో నానబెట్టి వెంట్రుకలు రాలగొట్టడం, లోపలి మాంసపు పొర గీకి వేయడం, లందలో బెరడు నీరు పోసి నానబెట్టడం ఇవన్నీ మాదిగల పనులు. కొన్నిచోట్ల తోలును సంచిలాగా కుట్టి, బెరడుతో, బెరడు నీటితో నింపి వేలాడదీసేవారు. కషాయం తోలు గుండా మెల్లగా ఊరి బయటికి కారేది. సున్నం ఎంత ఉండాలి, ఎన్నాళ్లుంచాలి, ఎప్పుడు తీయాలి అన్నది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. వాసనతో, స్పర్శతో, కొరికి చూసే రుచితో తెలుసుకొనేవారు. రసాయనశాస్త్రం పేరు వినకుండానే రసాయనశాస్త్రం చేసినవారు వారు.

వారు చేసిన మోట తొండం లేనిదే బావి నీరు పొలానికి ఎక్కేది కాదు. వారు కుట్టిన కిర్రుచెప్పులు లేనిదే రైతు ముళ్లదారిలో నడవలేడు. వారు బిగించిన డప్పు మోగనిదే ఊరిలో పండుగ లేదు, చావు లేదు. కిర్రుచెప్పులు తొడిగినవాడు వీథిలో దర్పంగా నడిచాడు. వాటిని కుట్టినవాడు అదే వీథిలో తన చెప్పులు చేతపట్టుకొని నడవవలసి వచ్చింది. ఇంతకన్న క్రూరమైన వింత మరొకటి ఉంటుందా? 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం తన 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దుచేసింది. అంతకు ముందే, 1941లో, గుఱ్ఱం జాషువ తన 'గబ్బిలం' కావ్యానికి నాయకునిగా ఒక అరుంధతీసుతుని నిలిపాడు. కావ్యాలలో చోటు దొరికినా, ఊరిలో దొరకడానికి ఇంకా కాలం పట్టింది. ఇంతలో ఇనుప బొక్కెనలు, ఆ వెనుక కరెంటు మోటార్లు వచ్చి మోటలు పోయాయి. రబ్బరు చెప్పులు వచ్చి కిర్రుచెప్పులు పోయాయి. లందలు పూడిపోయాయి.

అందువల్ల అభిరుచి అనే మాట అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. ఆ ఫిట్టరు తాత తోలు పనివాడే అనుకుంటే, ఆదివారం నాడు వాకిట్లో తోలుముక్క పరచిన కొడుకును చూసి తల్లి నవ్వుతుందని చెప్పలేము. "ఈ పని ఇడిసిపెట్టనీకే గదరా మీ తాత ఊరిడిసి వచ్చింది?" అని ఆమె అడుగుతుంది. ఆ ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. పక్కగదిలో ఉండే అతని స్నేహితుడు అదే పని చేస్తే చూసినవారు కళాకారుడని మెచ్చుకొంటారు. అతడు చేస్తే కులం గుర్తుచేసుకొంటారు. తోలు ఒకటే, ఆరె ఒకటే. ఒకరికి అది సరదా, మరొకరికి ఎవరో తగిలించిన గుర్తు. ఈ తేడాను గమనించకుండా శ్రమగౌరవాన్ని గూర్చి ఉపన్యసించడం సులభం.

గాంధీజీ చెప్పులు కుట్టిన సంగతి ఇక్కడ ప్రస్తావించడం ఉచితం. దక్షిణాఫ్రికాలో 1910లో నెలకొన్న టాల్‌స్టాయ్ ఫారంలో ఆయన ఈ పని నేర్చుకొన్నారు. ఆయన మిత్రుడు కాలెన్‌బాక్ ఒక క్రైస్తవ మఠానికి వెళ్లి నేర్చుకొని వచ్చి తోటివారికి నేర్పాడు. 1914లో ఆ దేశం విడిచే ముందు, తనను జైలులో పెట్టించిన జనరల్ స్మట్స్‌కు గాంధీజీ తాను చేసిన చెప్పుల జత పంపారు. ఎన్నో వేసవులు వాటిని తొడిగిన స్మట్స్, 1939లో గాంధీజీ డెబ్బయ్యవ పుట్టినరోజుకు వాటిని తిరిగి పంపుతూ, అంతటి వ్యక్తి చెప్పులలో కాలు పెట్టే అర్హత తనకు లేదన్నాడు. అయితే గాంధీజీ కోరి ఈ పనికి వచ్చారు, మానుకోదలచిననాడు మానుకోగలరు. మన పల్లెలలో ఆరె పట్టినవారికి ఆ రెండు స్వేచ్ఛలూ లేవు.

ఇక పని విషయం. ఆరంభంలో కావలసిన సామగ్రి కొద్దిపాటిదే: పదునైన కత్తి, ఉక్కు స్కేలు, ఆరె, మొద్దుమొన గల రెండు సూదులు, మైనం పట్టించిన దారం, కొయ్య సుత్తి. కత్తి మొద్దుబారితే బలం ఎక్కువ పెట్టవలసి వస్తుంది, జారి వేలు తెగేది అప్పుడే. మందపు తోలును ఒక్క వేటుకు కోయరాదు. అదే గీత మీద రెండు మూడుసార్లు తేలికగా లాగాలి. డబ్బు దాచుకొనే పర్సుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు తోలు, బెల్టుకు మూడు నాలుగు మిల్లీమీటర్లది సరిపోతుంది. బెల్టు పొడవుకు నడుము కొలవడం కన్న, పాత బెల్టును పరచి బకిలు ముల్లు మొదటి నుండి రోజూ వాడే రంధ్రం వరకు కొలవడం మేలు. తోలు కోసే ముందు అట్టతో ఒకసారి చేసి చూసుకొన్నవారు తోలును వృథా చేయరు.

కుట్టులో ఒక రహస్యముంది. యంత్రపు కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. ఒకచోట తెగితే వరుసగా ఊడిపోవచ్చు. చేతికుట్టులో దారం ఒక్కటే, దాని రెండు కొనలకు రెండు సూదులు. ఆరెతో పొడిచిన ప్రతి రంధ్రంలో రెండు సూదులూ ఎదురెదురుగా దూరి పోతాయి. ఒక కుట్టు తెగినా మిగిలినవి పట్టు వదలవు. గుర్రపు జీనులు కుట్టినవారు వాడిన కుట్టు ఇది. కుట్టవలసిన పొడవుకు దాదాపు నాలుగింతల దారం తీసుకోవాలి. లేకుంటే చివరి జానెడు దూరంలో దారం చాలదు.

అతికించే జిగురు గురించి ఈ ప్రాంతం వారికి ఎక్కువ చెప్పనక్కరలేదు. రబ్బరు జిగురులోని ద్రావకాల ఆవిరి తలతిప్పుతుంది. తలుపులు మూసిన గదిలో దానిని వాడరాదు. క్రోమియం తోలు ముక్కలను కాల్చడం మరింత ప్రమాదం. వేడికి అందులోని క్రోమియం విషపూరితమైన రూపానికి మారవచ్చు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాన్ని 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన చోట్లలో చేర్చింది. నక్కవాగు నీటి రంగు చూసినవారు చిన్న వ్యర్థాన్నయినా చిన్నదని అనుకోరు.

పదును చేయని తోలుతోనూ కళ ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారు మేకతోలును శుభ్రపరచి, గీకి, వెలుతురు దాటేటంత పలుచగా ఆరబెడతారు. దానిపై బొమ్మ గీసి, ఉలితో నగల చోట చిల్లులు కొట్టి రంగులు అద్దుతారు. దీపం వెనుక పెడితే ఆ చిల్లులే ముత్యాలవుతాయి. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు 2020లో పద్మశ్రీ పురస్కారం పొందారు. ఆటలు తగ్గిన తరువాత అక్కడి కుటుంబాలు అదే తోలుతో దీపపు గొడుగులు చేసి అమ్ముతున్నాయి.

ఆరంభకునికి మంచి గురువు దూరంగా లేడు. బస్సుస్టాండు పక్కన గొడుగు కింద కూర్చొని బూట్లు బాగుచేసే వృద్ధుని దగ్గర అరగంట కూర్చొన్నా చాలు. ఆయన ఆరెకు కొనలో చిన్న కొక్కెం ఉంటుంది. దారాన్ని అదే వెనక్కు లాగుతుంది. దారానికి మైనం రుద్దే తీరు, కుట్టుకుట్టుకూ లాగే బిగువు మాటలతో చెప్పితే అర్థం కావు. ఫిట్టరు తన మొదటి తాళంచెవుల పట్టీని ఆయన ముందు పెట్టి, "చూడు తాతా, ఎట్లుంది?" అని అడుగుతాడు. ఆయన దానిని రెండు బొటనవేళ్ల మధ్య పట్టి విడదీసి చూస్తాడు. "గింత గట్టిగ గుంజకు బిడ్డా, తోలు ముడుత పడ్తది. చెయ్యి మెల్లగ పోనియ్యి" అంటాడు. తరువాత అంచును నీటితో తడిపి, నున్నని కొయ్యముక్కతో మెరిసే దాకా రుద్ది ఇస్తాడు. ఆ అరగంటలో ఆయన వదులుకొన్న కూలి ఎంతో అడిగి, అది ఆయన చేతిలో పెట్టి, అతడు రెండో షిఫ్టు బస్సు ఎక్కుతాడు.