పేరు చూసి కొందామా? తీరు చూసి కొందామా?

మన ఇళ్లలో ఏ వస్తువు కొనవలసి వచ్చినా మొదట వినిపించే ప్రశ్న "ఏ కంపెనీది?" అన్నదే. ఫ్యానైనా, కుక్కరైనా, చేతి గడియారమైనా పేరు తెలుసుకున్న తరువాతనే ధర అడుగుతాం. ఈ అలవాటు తప్పు కాదు. వస్తువు లోపలి నాణ్యతను పరీక్షించే సాధనాలు సామాన్య గృహస్థు చేతిలో ఉండవు. ఆ లోటును నలుగురి అనుభవం పూరిస్తుంది. నలుగురి అనుభవం కూడబెట్టిన విశ్వాసాన్నే మనం ప్రతిష్ఠ అంటున్నాం. అయితే ఆ ప్రతిష్ఠ ఏ వస్తువు వల్ల వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఈ రోజు మన చేతిలో ఉన్న వస్తువుకు అది వర్తిస్తుందా అన్న మూడు ప్రశ్నలను సాధారణంగా వేసుకోం. ఆ ప్రశ్నల విలువ తెలియాలంటే కంప్యూటరు పెట్టెలో ఒక మూల ఒదిగి ఉండే విద్యుత్ సరఫరా యూనిట్‌ను, అంటే బజారులో అందరూ ఎస్.ఎం.పి.ఎస్. అని పిలిచే పరికరాన్ని మించిన పాఠం లేదని నా అభిప్రాయం.

గోడ సాకెట్టులో మనకు లభించేది 230 వోల్టుల ఆల్టర్నేటింగ్ కరెంటు. కంప్యూటరు లోపలి భాగాలకు కావలసినది 12, 5, 3.3 వోల్టుల డైరెక్ట్ కరెంటు. ఈ మార్పిడి చేసేది ఎస్.ఎం.పి.ఎస్. ఇంటెల్ సంస్థ 1995లో ప్రవేశపెట్టిన ఏ.టి.ఎక్స్. ప్రమాణాల పరంపరలో ఎక్కువ కాలం ఉన్న నియమం ప్రకారం ఈ మూడు వోల్టేజీలు 5 శాతానికి మించి అటూ ఇటూ కదలరాదు. అంటే 12 వోల్టుల లైను 11.4కు తగ్గరాదు, 12.6ను దాటరాదు. ఆ లైనులో మిగిలిపోయే అలజడి, అనగా రిపుల్, 120 మిల్లీవోల్టులలోపే ఉండాలి. కంప్యూటరులో మరే భాగం చెడినా చాలావరకు నష్టం ఆ భాగంతో ఆగుతుంది. ఎస్.ఎం.పి.ఎస్. చెడితే మాత్రం తనతో పాటు మదర్‌బోర్డును, డిస్కును కూడా తీసుకుపోగలదు.

ఇంతటి బాధ్యత మోసే పరికరానికి మన కొనుగోలు జాబితాలో దక్కేది అట్టడుగు స్థానమే. ప్రాసెసరు గురించి, మెమరీ గురించి, తెర గురించి వారం రోజులు చర్చించే కుటుంబం దీని దగ్గరికి వచ్చేసరికి "కేబినెట్‌తో వచ్చేది చాలులే" అని సరిపెట్టుకుంటుంది. లేదా తెలిసిన పేరు ఏదో ఒకటి చూసి తృప్తి పడుతుంది.

రెండేళ్ల కిందట మే నెలలో మా క్వార్టర్లలో జరిగిన సంఘటన ఇందుకు ఉదాహరణ. నా సహోద్యోగి ఒకరి కుమార్తె ఆర్కిటెక్చర్ చివరి సంవత్సరం చదువుతోంది. ఆ అమ్మాయి కోసం ఆయన ప్రావిడెంట్ ఫండు నుంచి కొంత తీసి కంప్యూటరు కొన్నారు. ఒక రాత్రి గాలివానకు పోయిన కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో కంప్యూటరులో టప్పున శబ్దం, వెంటనే కాలిన వాసన. నేను పనిచేసేది ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ విభాగం కాబట్టి నన్ను పిలిచారు. చూడగా ఎస్.ఎం.పి.ఎస్. ఒక్కటే కాదు, మదర్‌బోర్డు, హార్డు డిస్కు కూడా పోయాయి. ఆ డిస్కులో మూడు నెలల డ్రాయింగులు ఉన్నాయి.

"పెట్టె పోయినా బాధ లేదు అంకుల్, జ్యూరీకి ఇంకా ఆరు వారాలే ఉంది" అన్నది ఆ అమ్మాయి. ఆమె కళ్లలో నీళ్లు లేవు గాని గొంతు మాత్రం వణికింది.

చెడిన ఎస్.ఎం.పి.ఎస్.ను మా వర్క్‌షాపులో మిత్రుని సహాయంతో విప్పి చూశాం. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాపాయమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది కనుక ఈ పని ఇళ్లలో ఎవరూ చేయరాదని ముందే మనవి చేస్తున్నాను. లోపల కనిపించినది ఇది. విద్యుత్తులోని అలజడిని వడగట్టే ఫిల్టరు భాగాలకు బోర్డు మీద స్థలం ఉంది గాని ఆ స్థలంలో భాగాలు లేవు. వాటికి బదులు చిన్న తీగ ముక్కలు అతికించి ఉన్నాయి. రెండు కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నాయి. పైన అంటించిన లేబులు మీద పెద్ద అక్షరాలలో 450 వాట్లు అని ఉంది. కింద చిన్న అక్షరాలలో 12 వోల్టుల లైనుకు 18 ఆంపియర్లు అని ఉంది. పన్నెండును పద్ధెనిమిదితో గుణిస్తే వచ్చేది 216. నేటి కంప్యూటర్లలో ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఆధారపడేది 12 వోల్టుల లైను మీదనే. కాబట్టి 450 అని రాసిన ఆ పెట్టె అక్కరకు వచ్చే శక్తిలో సగం కూడా లేనిది.

"ఏమండీ, ఇది ఊరూ పేరూ లేని సరుకు కాదే! అదే కంపెనీ స్పీకర్లు మా ఇంట్లో పదేళ్లుగా పాడుతున్నాయి" అన్నారు మా సహోద్యోగి. ఆయన మాట అక్షరాలా నిజం. స్పీకర్లు మంచివే. కాని స్పీకర్లు సంపాదించిన ప్రతిష్ఠను ఎస్.ఎం.పి.ఎస్. అనుభవించింది.

ఈ రంగంలో ఇది అరుదైన విషయం కాదు. డబ్బా మీద పేరున్న సంస్థలలో అనేకం తమ యూనిట్లను తామే తయారు చేయవు. తైవానుకు చెందిన సీసోనిక్, ఛానెల్ వెల్, ఎఫ్.ఎస్.పి., సూపర్ ఫ్లవర్ వంటి సంస్థలు తమ పేరుతోనూ, ఇతరుల పేర్లతోనూ తయారు చేస్తుంటాయి. ఒకే బ్రాండు కింద ఖరీదైన శ్రేణి ఒక కర్మాగారం నుంచి, చౌక శ్రేణి మరొక కర్మాగారం నుంచి రావచ్చు. బ్రాండు ఇంటిపేరు వంటిది. ఒకే ఇంటిపేరు ఉన్నవారందరి గుణం ఒక్కటి కానట్లే, ఒకే బ్రాండు కింద వచ్చే నమూనాల గుణం కూడా ఒక్కటి కాదు.

ప్రభుత్వరంగ సంస్థలో పనిచేసే మనకు ఈ సూత్రం కొత్తది కాకూడదు. సరఫరాదారు పూర్వ చరిత్ర బాగుంటే అతనికి మన టెండరులో పాల్గొనే అర్హత లభిస్తుంది. అంతమాత్రాన అతని సరుకు తనిఖీ లేకుండా స్టోర్సులోకి రాదు. టైప్ టెస్ట్ సర్టిఫికెట్ ఏ నమూనాకు ఇచ్చారో ఆ నమూనాకే చెల్లుతుంది. వచ్చిన ప్రతి లాటును ఇన్‌స్పెక్షన్ వారు విడిగా చూస్తారు. ప్రతిష్ఠ గేటు దాకా తీసుకువస్తుంది, గేటు దాటించేది పరీక్ష. కార్యాలయంలో ఇంత నిక్కచ్చిగా పాటించే ఈ పద్ధతిని ఇంటికి కొనే వస్తువు దగ్గర ఎందుకు విడిచిపెట్టాలి?

పెద్ద పేర్లకూ పొరపాట్లు జరిగాయి. డెల్ సంస్థ 2003 నుంచి 2005 వరకు అమ్మిన కొన్ని ఆప్టిప్లెక్స్ కంప్యూటర్లలో కెపాసిటర్లు ఉబ్బి చెడిపోయాయి. 2005లో ఆ సంస్థ ఇందుకు 30 కోట్ల డాలర్ల భారం భరించవలసి వచ్చింది. ఆ కెపాసిటర్లు ఎంతో పేరున్న జపాను సంస్థ నిచికాన్‌వి. 2021లో గిగాబైట్ సంస్థ అమ్మిన రెండు నమూనాలు, 750, 850 వాట్లవి, పరీక్షలలో పేలిపోతున్నాయని విమర్శకులు బయటపెట్టారు. అధిక భారం పడినప్పుడు ఆగిపోవలసిన రక్షణ వ్యవస్థను 120 నుంచి 150 శాతం వరకు వదిలివేశారు. విమర్శల తరువాత దానిని 110 నుంచి 120 శాతానికి సవరించి, కొన్ని సీరియల్ నంబర్లవారికి మార్పిడి ప్రకటించారు. అంతకుముందు ఏడాది, అంటే 2020లో, కోర్సెయిర్ సంస్థ తన ఎస్.ఎఫ్. శ్రేణిలోని కొన్ని లాట్లు అధిక వేడి, అధిక తేమ కలిసినచోట చెడిపోయే అవకాశం ఉందని గుర్తించి, తానే ముందుకు వచ్చి మార్చి ఇస్తానని ప్రకటించింది. వేడి, తేమ కలిసిన చోటు అనగానే మన కోస్తా జిల్లాలు గుర్తుకు రాక మానవు. లోపం ఎవరికైనా రావచ్చు. లోపం బయటపడిన తరువాత ఎలా ప్రవర్తించారన్నదే ప్రతిష్ఠకు అసలైన గీటురాయి.

డబ్బాల మీద కనిపించే "80 ప్లస్" ముద్ర గురించి కూడా ఒక మాట. 2004లో అమెరికాలో మొదలైన ఈ పథకం బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం, టైటానియం అనే మెట్లుగా ఎదిగింది. ఇది ప్రధానంగా చెప్పేది గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత భాగం వృథా కాకుండా కంప్యూటరుకు చేరుతున్నదన్నదే. దాని లాభం నిజమైనది. 200 వాట్లు కావలసిన కంప్యూటరుకు 75 శాతం సామర్థ్యం గల యూనిట్ గోడ నుంచి 267 వాట్లు, 90 శాతం గలది 222 వాట్లు లాగుతుంది. రోజుకు 6 గంటల చొప్పున 300 రోజులకు తేడా దాదాపు 80 యూనిట్లు. కాని ఈ ముద్ర రిపుల్ గురించి గాని, రక్షణ వ్యవస్థల గురించి గాని హామీ ఇవ్వదు. పైగా ఆ పరీక్ష జరిగేది 23 డిగ్రీల చల్లని గదిలో. మన వేసవి 42 డిగ్రీలది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు ఆయుర్దాయం ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారు సగానికి తగ్గుతుందన్నది విద్యుత్ రంగంలో అందరికీ తెలిసిన లెక్క. 85 డిగ్రీలది కాక 105 డిగ్రీల కెపాసిటర్లు వాడిన నమూనాను ఎంచుకోవాలనడం అందుకే.

కొత్త యూనిట్ కొనడానికి ఆ అమ్మాయితో, వాళ్ల నాన్నగారితో కలిసి నేనూ దుకాణానికి వెళ్లాను. దుకాణదారు పెద్ద డబ్బా ఒకటి చూపి "ఇది బ్రాండెడ్ సార్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు. ఆ అమ్మాయి నవ్వి, "కళ్లు తెరిచే తీసుకుంటామండి, లేబులు చూపించండి" అన్నది. 12 వోల్టుల లైనును తానే గుణించి చూసింది. బి.ఐ.ఎస్. గుర్తు దగ్గర "ఆర్" అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను ఫోనులోని బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూసింది. ఆ నమోదు కర్మాగారం వారీగా ఇచ్చేది కనుక, పేరు వెనుక ఉన్న అసలు తయారీదారు ఎవరో తెలిసే దారి అది. ఆ నమూనాను పరికరాలతో కొలిచి రాసిన సమీక్షలు ముందురోజే చదివి వచ్చింది. చివరకు తీసుకున్నది 550 వాట్ల యూనిట్. చౌకదానికంటే పదిహేను వందలు ఎక్కువ. అయిదేళ్ల వారంటీ ఉంది, సర్వీసు కేంద్రం మా ఊరికి బస్సు దూరంలోనే ఉంది. వారంటీ కాగితం మీద ఎన్నేళ్లు ఉన్నా, ఆ కాగితం పట్టుకుని వెళ్లవలసిన చోటు అందుబాటులో లేకపోతే ప్రయోజనం లేదు. అమ్మాయి డ్రాయింగులలో కొన్ని స్నేహితురాలి పెన్ డ్రైవులో దొరికాయి. మిగిలినవి రాత్రింబవళ్లు కూర్చుని మళ్లీ గీసి, గడువు లోపల సమర్పించింది.

మంచి యూనిట్ కొన్నంత మాత్రాన మన బాధ్యత తీరదు. కేబినెట్‌ను ముట్టుకుంటే చిన్నగా జిల్లుమంటున్నదంటే ఇంటి ఎర్తింగు సరిగా లేదని అనుమానించి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. మంచి యూనిట్ కరెంటు పోయాక సుమారు 17 మిల్లీసెకన్ల సేపు నిలదొక్కుకోవాలని ప్రమాణం ఆశిస్తుంది. అంతలోగా అందుకోగల యు.పి.ఎస్. ఉండాలి. ఇన్వర్టరు ఉన్నవారు దానిని యు.పి.ఎస్. మోడులో ఉంచుకోవాలి. ఫ్యాను రంధ్రాలలో దుమ్ము పేరుకోనివ్వరాదు. అన్నిటికంటే ముఖ్యంగా, విలువైన పని రెండోచోట కూడా భద్రపరచాలి. ఎంత గొప్ప ఎస్.ఎం.పి.ఎస్. అయినా పోయిన మూడు నెలలను తిరిగి ఇవ్వలేదు.

ప్రతిష్ఠను కొట్టిపారేయమని నేను చెప్పడం లేదు. ముక్కూ మొహం తెలియని పేరు కంటే, నిలబడి జవాబు చెప్పే పేరు ఎప్పుడూ మేలే. కాని పేరు చూసి దుకాణం మెట్లు ఎక్కుదాం, తీరు చూసి డబ్బు చెల్లిద్దాం. వ్యక్తుల విషయంలోనూ, సంస్థల విషయంలోనూ న్యాయం ఇదే. నిన్న సంపాదించిన మంచి పేరును ఈ రోజు పంపే ప్రతి వస్తువుతోనూ మళ్లీ సంపాదించుకోవాలి. మన కర్మాగారం గేటు దాటి వెళ్లే సరుకును ఎక్కడో ఒక కుటుంబం మన పేరు చూసే కొంటుంది గనుక, ఈ మాట కొనుగోలుదారులుగా మనకు ఎంత వర్తిస్తుందో, ఉత్పత్తిదారులుగా కూడా అంతే వర్తిస్తుంది.