ఆ పిల్ల ముచ్చట ఇక్కడ్నే ఆపుదాం వదినా

వద్దు వదినా, ఆ పిల్ల ముచ్చట ఇక్కడ్నే ఆపుదాం. కోపం చేసుకోకు. నువ్వు చెడు కోరి అడుగుతలేవని నాకు ఎరుకే. ఆ చాట జర గోడ మీద పెట్టి నిలబడు, మొన్నటి సంది మనసుల మెదులుతున్న మాట ఒకటి చెప్త.

బేస్తారం మన గల్లీల ఇంటి ప్రార్థన అయింది గదా, నువ్వు రాలే. పాటలైనయి, వాక్యమైంది. ప్రార్థన అంశాలు చెప్పుమంటే ఒక అక్క లేచి, ఆ పిల్ల పేరు పెట్టి, భారంగ ప్రార్థన చెయ్యుండ్రి అన్నది. అంతటితోని ఆగితే మంచిగుండు. అత్తగారింటి నుంచి వచ్చి ఎన్ని దినాలైందో, ఫోన్ల ఎవరితోని మాట్లాడుతదో, మొగడు ఏమని తిట్టి పంపిండో, అన్నీ చెప్పుకొచ్చింది. అందరి కండ్లు మూసే ఉన్నయి గని చెవులు తెరిచే ఉన్నయి. చాయ్ తాగేటాలకు ఆ ముచ్చటకు ఇంకో రెండు ముచ్చట్లు అతికినయి. ఆదివారం ఆ పిల్ల తల్లి గుడిల ఆఖరి వరుసల కూసొని, అయ్యగారు ఆశీర్వాదం చెప్పకముందే చెప్పులేసుకొని పోయింది. బిడ్డ అసలు గుడికే రాలే.

నల్లా కాడ చెప్పుకునే చాడీని చాడీ అని ఎవరైనా గుర్తుపడ్తరు వదినా. ప్రార్థన పేరు మీద వచ్చిన చాడీని గుర్తుపట్టుడే కష్టం. దేవునికి ఆ పిల్ల సంగతి మొత్తం ఎరుకే, ఆయనకు మనం వివరం చెప్పే అక్కర లేదు. ఆ వివరమంతా మనం మన కోసమే చెప్పుకుంటున్నం.

లేవీయకాండం 19వ అధ్యాయం 16వ వచనం ఇంటికి పోయినంక ఒకసారి తీసి చూడు. కొండెములు చెప్పుకుంట జనంల తిరగొద్దు అన్న మాట, తోటోని ప్రాణానికి హాని తలపెట్టొద్దు అన్న మాట, రెండూ ఒక్క వచనంలనే ఉన్నయి. నోటి మాటకూ, ప్రాణం పోవుడికీ ఏం సంబంధం అనిపిస్తది. ఉన్నది వదినా. మన పక్కనే జరిగింది.

బీదర్ మనకెంత దూరం, బస్సెక్కితే పూటలోపల పోయొస్తం. 2018 జులై 13 నాడు హైదరాబాద్ నుంచి కొందరు దోస్తులు కారుల ఆ జిల్లాకు పోయిన్రు. తొవ్వల ఒక ఊరి కాడ ఆగి, బడి పిల్లలు కనబడితే చాక్లెట్లు ఇచ్చిన్రు. ఇంక అంతే, పిల్లల్ని ఎత్తుకపోయే ముఠా అని పుకారు లేసింది. వాళ్ళు భయపడి కారెక్కి పోతుంటే వాట్సాప్‌ల మెసేజ్ వాళ్ళకన్న ముందే ముర్కి ఊరికి చేరింది. తొవ్వ అడ్డం పెట్టిన్రు, కారు బోల్తా పడ్డది, గుంపు మీద పడ్డది. వాళ్ళల్ల ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు పానం పోయింది. ఆపబోయిన పోలీసులకూ దెబ్బలు తాకినయి. ఆ మెసేజ్ ముందుకు పంపినోడు, నా ఊరి పిల్లల్ని కాపాడుతున్న అనే అనుకొని ఉంటడు. నిజమా అని ఒక్కసారి అడిగి ఉంటే ఆ మనిషి ఇంటికి చేరుండు. అదే నెలల వాట్సాప్ కంపెనీ మన దేశంల ఒక మెసేజ్ ఒక్కసారికి ఐదు చాట్లకు మించి ముందుకు పంపకుండ హద్దు పెడ్తమన్నది. మన నోటికి ఆ హద్దు పెట్టేటోళ్ళు ఎవరూ రారు.

ఫోన్లు లేనప్పుడు గూడ ఇదే జరిగింది. బాణామతి, అంటే చేతబడి చేస్తున్నరని మన మెదక్ పల్లెలల్ల ఎంతమంది బతుకులు ఆగమైనయో పెద్దోళ్ళను అడుగు. ఎవరింట్లనో పిల్లకు జరమొచ్చినా, బర్రె పాలియ్యకపోయినా, దిక్కులేని ముసలామె మీదికి మాట పోయేది. చెట్టుకు కట్టేసి కొట్టిన్రు, పండ్లు ఊడగొట్టిన్రు. దానికి మొదలు రెండిండ్ల నడుమ గుసగుసనే.

మరి ఒకరి తప్పు నిజంగనే కనబడితే ఏం చెయ్యాలె అంటవా? మత్తయి సువార్త 18వ అధ్యాయంల ప్రభువు వరుస చెప్పిండు. మొదలు నువ్వొక్కదానివే పోయి, ఆ మనిషితోని ఒంటరిగ మాట్లాడు. వినకుంటే ఒకరిద్దరిని ఎంట తీసుకపో. అప్పటికీ వినకుంటే సంఘానికి చెప్పు. మనం ఆ వరుసను తిరగేసినం. ముందుగాల సంఘానికి తెలుస్తది, తర్వాత గల్లీకి తెలుస్తది, ఎవరి సంగతో వాళ్ళ దాక ఆఖరికి వస్తది.

అట్లని నోరు కట్టుకొని కూసోమంటలేను వదినా. ఆ పిల్లను మొగడు కొట్టి పంపిండంటే ఊకునుడు గూడ పాపమే. ఆమెతోని మాట్లాడి, 181కి ఫోన్ చెయ్యాలె. చిన్న పిల్లల కష్టమైతే 1098 ఉన్నది. అయ్యగారికి చెప్పాలె, పోలీస్ ఠాణాకు తోడు పోవాలె. అది కొండెం కాదు, సాక్ష్యం. నేను చూసుకునేది ఒక్కటే: నా మాట వినేటోళ్ళు ఆ పిల్లకు ఏమన్న మేలు చెయ్యగలరా? చెయ్యగలిగితే చెప్త. చెయ్యలేకపోతే, ఎంత నిజమైనా నా నోట రావద్దు. నిజం చెప్తున్న గదా, అందుల తప్పేంది అనేటోళ్ళే ఎక్కువ. నిజమైన మాటతోని గూడ మనిషిని ఊరిడిచేటట్టు చెయ్యొచ్చు.

రేపు పొద్దుగూకంగ నేను వాళ్ళింటికి పోదామనుకుంటున్న. ఏమైందని అడగ. ఆ తల్లి పక్కన జరసేపు కూసుంట, పిల్ల చెప్పుకుంటే వింట, విన్నది నా కాడనే ఉంటది. నువ్వూ రా వదినా, ఇద్దరం పోదాం. వచ్చే బేస్తారం ప్రార్థన అంశాలు అడిగితే పేరొక్కటే చెప్దాం. ఏమైంది ఏమైందని ఎవరన్న అడిగితే, వాళ్ళిల్లు నీకు ఎరుకే గదా అక్కా, పోయి పలకరించిరా అని చెప్దాం.